డయోడ్ల సమాంతర సంధానం

ఒక డయోడు మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటును నడిపించడానికి రెండు లేదా అంతకంటే ఎక్కువ డయోడ్ల ఆనోడ్లను ఒక చోట, కాథోడ్లను మరొక చోట కలిపి, అన్నింటినీ కలగలిపి ఒకే పెద్ద డయోడుగా పనిచేయించే అమరికను డయోడ్ల సమాంతర సంధానం అంటారు. ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చే ఏకధిక్కరణులలో, అంటే వాడుకలో రెక్టిఫయర్లలో, ఈ అమరిక ఎక్కువగా కనిపిస్తుంది. వంద ఆంపియర్ల డయోడ్లు రెండింటిని కలిపితే రెండు వందల ఆంపియర్లు మోస్తాయన్న లెక్క కాగితం మీద సరిగ్గానే ఉన్నా, ఆచరణలో ఆ రెండింటిలో ఒకటి తన వాటాకు మించి మోసి ముందుగా మాడిపోవడం, దానితో గుంపంతా పనికిరాకుండా పోవడం సాధారణం. ఈ అమరికకు సంబంధించిన శాస్త్రమంతా కరెంటు పంపకం అన్న ఒక్క ప్రశ్న చుట్టూ అల్లుకొని ఉంది.

తెలంగాణలో ఈ ప్రశ్న నిత్యం ఎదురయ్యే ప్రాంతాలలో వికారాబాద్ జిల్లా పడమటి భాగం ఒకటి. కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న తాండూరు, దాని పక్కనున్న కరణ్‌కోట భీమా పరీవాహకపు సున్నపురాయి పొరల మీద ఉన్నాయి. ఆ రాయి పలకలుగా చీలితే ఇళ్లలో పరిచే నాపబండ అవుతుంది, పొడి చేసి కాలిస్తే సిమెంటు అవుతుంది. 1965లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏటా 10 లక్షల టన్నుల సామర్థ్యం గల తన తాండూరు కర్మాగారాన్ని కరణ్‌కోటలోనే నెలకొల్పింది. నిజాం కాలంలో 1874లో ప్రారంభమైన సికింద్రాబాద్–వాడి రైలుమార్గం తాండూరు మీదుగానే సాగుతుంది. సిమెంటు కర్మాగారపు ఏకముఖ విద్యుత్ మోటార్లు, ఆ మార్గంలో సరకు బండ్లను లాగే ఇంజన్లు, బండలు మోసే లారీల ఆల్టర్నేటర్లు, మరమ్మతు షెడ్లలోని వెల్డింగ్ రెక్టిఫయర్లు పరిమాణంలో ఎంతో తేడా ఉన్నవే అయినా, వాటి లోపల పనిచేసే సూత్రం మాత్రం ఒకటే.

డయోడు, పురో వోల్టేజి

డయోడు ఒక వైపుకే కరెంటును పోనిచ్చే అర్ధవాహక సాధనం. సిలికాన్ స్ఫటికంలో పి-రకం, ఎన్-రకం ప్రాంతాలు కలిసే చోట ఏర్పడే సంధి దీనికి ఆధారం. 1940లో బెల్ ప్రయోగశాలలో రసెల్ ఓల్ ఇలాంటి సంధిని గుర్తించగా, 1949లో విలియం షాక్లీ దాని సిద్ధాంతాన్ని ప్రచురించాడు. ఆనోడును ధన వైపుకు కలిపినప్పుడు, అంటే పురోశక్మంలో, డయోడు కరెంటును ప్రవహింపనిస్తుంది కానీ ఉచితంగా కాదు, తన కొసల మధ్య కొంత వోల్టేజిని వాడుకుంటుంది. సిలికాన్ పవర్ డయోడులో పూర్తి కరెంటు వద్ద ఇది సుమారు ఒక వోల్టు ఉంటుంది. ఈ పురో వోల్టేజిని కరెంటుతో గుణించగా వచ్చినది వేడిగా మారుతుంది కనుక, వంద ఆంపియర్లు మోసే డయోడు దాదాపు వంద వాట్ల వేడిని వెలువరిస్తుంది. నాణెమంత సిలికాన్ బిళ్ల నుంచి ఆ వేడిని బయటికి లాగడానికే అల్యూమినియం హీట్ సింకులు, ఫ్యాన్లు అవసరమవుతాయి.

షాక్లీ సమీకరణం ప్రకారం కరెంటు పురో వోల్టేజితో పాటు ఘాతాంక రీతిలో, అంటే ఎత్తు పెరిగిన కొద్దీ ఏటవాలు కూడా పెరిగే తీరులో, పెరుగుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద ఆదర్శ డయోడులో వోల్టేజి కేవలం 18 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు రెట్టింపవుతుంది, 60 మిల్లీవోల్టులు పెరిగితే పది రెట్లవుతుంది. పవర్ డయోడులో పూర్తి కరెంటు దగ్గర ఈ తీవ్రత ఇంతగా ఉండదు, ఎందుకంటే అక్కడ సిలికాన్‌కు, అతుకులకు, తీగలకు ఉన్న నిరోధం వక్రరేఖను వాలుగా వంచుతుంది. సమాంతర సంధానం ఏమాత్రమైనా సాధ్యమవుతున్నదంటే ఆ నిరోధం పుణ్యమే. సాధారణంగా నష్టంగా భావించే గుణం ఇక్కడ రక్షణగా మారుతున్నది.

పంపకం ఎందుకు సమానంగా ఉండదు

సమాంతరంగా ఉన్న రెండు డయోడ్లకూ కొసల మధ్య వోల్టేజి ఒకటే. అందువల్ల ప్రతి డయోడూ ఆ ఉమ్మడి వోల్టేజి వద్ద తన సొంత వక్రరేఖ ఎంత చెబితే అంత కరెంటును తీసుకుంటుంది. పక్క డయోడు ఎంత మోస్తున్నదో దానికి పట్టదు. ఒకే నమూనా సంఖ్య ఉన్న రెండు డయోడ్ల వక్రరేఖలు కూడా సరిగ్గా కలవవు, ఎందుకంటే స్ఫటికంలో కలిపిన మాలిన్యాల మోతాదు, బిళ్ల మందం, వేడిచేసిన తీరు, లోహపు అతుకు నాణ్యత అన్నీ కాస్త కాస్త మారుతూనే ఉంటాయి. తయారీదారులు తమ పత్రాలలో పురో వోల్టేజికి సాధారణంగా గరిష్ఠ విలువనే హామీగా ఇస్తారు తప్ప, రెండు డయోడ్ల మధ్య తేడా ఇంతకు మించదని చెప్పరు. ఒకే చెరువుకు రెండు తూములుండి, ఒకదాని గడప రెండవదానికంటే నాలుగు వేళ్లు కిందికి ఉంటే ఏ తూములో నీరు ఎక్కువ పారుతుందో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. డయోడ్ల విషయంలో ఆ గడప ఎత్తే పురో వోల్టేజి.

సంఖ్యలతో చూస్తే తీవ్రత అర్థమవుతుంది. డయోడు పురో వోల్టేజిని ఒక స్థిరమైన భాగం, దానికి తోడు కరెంటుతో పెరిగే నిరోధ భాగం కలిసినదిగా ఇంజనీర్లు లెక్కిస్తారు. మొదటి డయోడు స్థిర భాగం 0.80 వోల్టు, రెండవదానిది 0.90 వోల్టు, రెండింటి నిరోధమూ 1.5 మిల్లీఓములు అనుకుంటే, మొత్తం 200 ఆంపియర్లలో మొదటిది సుమారు 133, రెండవది 67 ఆంపియర్లు తీసుకుంటాయి. వోల్టేజిలో పదో వంతు వోల్టు తేడా కరెంటులో రెట్టింపు తేడా అయింది. రెండూ 100 ఆంపియర్ల డయోడ్లే అయితే ఒకటి మూడో వంతు అదనపు భారంతోనూ, మరొకటి మూడో వంతు ఖాళీగానూ నడుస్తాయి. బయటినుంచి చూసే ఆంపియర్ మీటరు మాత్రం నిక్షేపంగా 200 చూపిస్తుంది.

వేడి ఈ అసమానతను మరింత పెంచుతుంది. సిలికాన్ సంధి పురో వోల్టేజి తక్కువ కరెంట్ల వద్ద ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. ఎక్కువ మోస్తున్న డయోడు ఎక్కువ వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ దాని పురో వోల్టేజి తగ్గుతుంది, అది తగ్గిన కొద్దీ మరింత కరెంటు అటే మళ్లుతుంది. పై ఉదాహరణలో మొదటి డయోడు రెండవదానికంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కి, పూర్తి 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గితే, వాటాలు 147, 53 ఆంపియర్లకు చేరతాయి. అయితే పవర్ డయోడ్లలో కరెంటు పెరిగిన కొద్దీ ఈ తగ్గుదల చిన్నదవుతూ, ఒకానొక కరెంటు వద్ద సున్నా అయి, ఆపైన తిరగబడుతుంది. ఆ స్థాయి దాటాక వేడెక్కిన డయోడే తన వోల్టేజిని పెంచుకొని భారాన్ని పక్కదానికి నెడుతుంది. కానీ సాధారణ సిలికాన్ రెక్టిఫయర్ డయోడ్లలో చాలావాటికి ఈ తిరుగుడు బిందువు వాటి నిర్ణీత కరెంటుకు దగ్గరగానో, దాన్ని దాటిన చోటో ఉంటుంది కనుక రోజువారీ పనిలో దాని సాయం పెద్దగా దక్కదు.

తిరోశక్మంలో, అంటే డయోడు కరెంటును ఆపవలసిన దిశలో, సమాంతర సంధానానికి ఇంత చిక్కు లేదు. అన్ని డయోడ్ల మీదా ఒకే వోల్టేజి ఉంటుంది, వాటి అతి స్వల్పమైన కారుడు కరెంట్లు కూడుకుంటాయి, అంతే. శ్రేణిలో కలిపినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది: అప్పుడు కరెంటు అన్నింటిలో ఒకటే ఉంటుంది గాని వోల్టేజిని పంచుకోవడమే సమస్య అవుతుంది.

పంపకాన్ని సరిదిద్దే పద్ధతులు

మొదటి పద్ధతి జతకుదర్చడం. ఒకే తయారీ విడతకు చెందిన డయోడ్లను పని కరెంటుకు దగ్గరి కరెంటు వద్ద, నిర్ణీత ఉష్ణోగ్రతలో పరీక్షించి, పురో వోల్టేజి తేడా కొన్ని పదుల మిల్లీవోల్టులకు మించని వాటిని ఒక గుంపుగా వేరు చేస్తారు. చేతి మల్టీమీటరులోని డయోడు పరీక్ష ఈ పనికి పనికిరాదు. అది సుమారు ఒక మిల్లీఆంపియరు దగ్గర కొలుస్తుంది, అక్కడ సరిగ్గా కలిసిన రెండు డయోడ్లు వంద ఆంపియర్ల వద్ద నిరోధ భాగంలో తేడా వల్ల విడిపోవచ్చు. మరమ్మతు దుకాణాలలో తరచూ జరిగే పొరపాటు ఇది.

జత కుదిరిన డయోడ్లను ఒకే హీట్ సింకు మీద దగ్గరగా బిగించడం రెండవ జాగ్రత్త. ఉష్ణోగ్రతలు కలిసి పెరిగితే వేడి కారణంగా పుట్టే అసమానత చాలావరకు తగ్గుతుంది. అడుగున మరచుట్టు ఉండే స్టడ్ డయోడ్లను తయారీదారు చెప్పిన బిగింపుతోనే బిగించాలి, సింకుకూ డయోడుకూ మధ్య ఉష్ణవాహక లేపనం పలుచగా పూయాలి, లేకపోతే ఒకే సింకు మీద ఉన్నా లోపలి సంధి ఉష్ణోగ్రతలు వేరువేరుగానే ఉంటాయి. రెండు వైపుల నుంచి బిగింపు బలం కావలసిన బిళ్ల ఆకారపు డయోడ్లకు ఇది ఇంకా ముఖ్యం. స్టడ్ డయోడ్లలో స్టడ్ వైపు కాథోడు ఉన్న రకం, ఆనోడు ఉన్న రకం రెండూ దొరుకుతాయి కనుక, ఒకే సింకు మీదికి ఒకే రకం చేరిందో లేదో చూసుకోవాలి.

మూడవది ప్రతి డయోడుతోనూ శ్రేణిలో చిన్న నిరోధాన్ని చేర్చడం. పై ఉదాహరణలోని డయోడ్లకు చెరొక 3 మిల్లీఓముల నిరోధం కలిపితే వాటాలు 133, 67 నుంచి 111, 89 ఆంపియర్లకు దగ్గరవుతాయి. కానీ ఆ నిరోధాలలోనే దాదాపు 60 వాట్లు అదనంగా వేడిగా పోతాయి, డయోడ్ల సొంత నష్టం సుమారు 200 వాట్లని గుర్తుంచుకుంటే ఇది చిన్న మూల్యం కాదు. ప్రత్యేకంగా నిరోధకాలు పెట్టకుండా, ప్రతి డయోడుకూ ఒకే పొడవు, ఒకే మందం గల కేబులును విడివిడిగా నడిపి, ఆ కేబుళ్ల నిరోధాన్నే ఈ పనికి వాడుకోవడమూ ఉంది. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు మీటరుకు సుమారు అర మిల్లీఓము ఇస్తుంది. తక్కువ వోల్టేజి వద్ద పనిచేసే వెల్డింగ్ యంత్రంలో నిరోధపు నష్టం ఎక్కువగా కనిపిస్తుంది, వందల వోల్టుల రెక్టిఫయర్లో అదే నష్టం లెక్కలోకి రాదు.

నాలుగవ పద్ధతి, ఇంజనీరింగు దృష్టిలో అన్నింటికంటే అందమైనది, సమతుల్య రియాక్టరు. ఒక ఇనుప కోరు గుండా రెండు డయోడ్ల కరెంట్లను ఎదురెదురు దిశల్లో పోనిస్తారు. రెండు కరెంట్లూ సమానమైతే కోరులో అయస్కాంత అభివాహం రద్దవుతుంది, రియాక్టరు అక్కడ లేనట్టే ఉంటుంది. తేడా వస్తే ఆ తేడా వల్ల పుట్టిన అభివాహం ఎక్కువ మోస్తున్న మార్గంలో ఎదురు వోల్టేజినీ, తక్కువ మోస్తున్న మార్గంలో తోడు వోల్టేజినీ ప్రేరేపించి సమం చేస్తుంది. మారే కరెంటు మీద మాత్రమే ఇది పనిచేస్తుంది. రెక్టిఫయరులోని డయోడు ప్రతి ఆవర్తనంలో కొంతసేపే వహిస్తుంది కనుక ఆ షరతు నెరవేరుతుంది. 0.1 వోల్టు తేడాను సరిదిద్దడానికి ఒక్కో చుట్టలో 0.05 వోల్టు చాలు. 50 హెర్ట్‌జ్‌ల అర్ధ ఆవర్తనమైన 10 మిల్లీసెకండ్ల పాటు దాన్ని నిలపడానికి, అభివాహ సాంద్రతలో ఒక టెస్లా మార్పు లెక్కన, ఒకే చుట్టుకు 5 చదరపు సెంటీమీటర్ల కోరు సరిపోతుంది. అంటే బస్‌బార్ అనే కరెంటు మోసే లోహపు కడ్డీ మీదికి తొడిగిన చిన్న ఇనుప చట్రం ఆ పని చేసిపెడుతుంది, నిరోధంలా వేడినీ పుట్టించదు.

ఐదవది అమరిక రూపం. వరసగా బిగించిన డయోడ్లకు రాకడ బస్‌బార్, పోకడ బస్‌బార్ రెండూ ఒకే కొస నుంచి కలిపితే దగ్గరి డయోడుకు దారి పొట్టి, దూరపు డయోడుకు దారి పొడుగు అవుతుంది. కరెంటు ఒక కొసన ప్రవేశించి ఎదురు కొసన వెలుపలికి వెళ్లేటట్లు కలిపితే ఏ డయోడు గుండా వెళ్లినా మొత్తం దారి ఒకటే అవుతుంది. పైసా ఖర్చు లేని ఈ సవరణ చాలా చోట్ల సగం సమస్యను తీరుస్తుంది. వేల ఆంపియర్ల వద్దనైతే నిరోధం కంటే కడ్డీల ప్రేరకత్వమే పంపకాన్ని నిర్ణయిస్తుంది, పక్క ఫేజు కడ్డీ దగ్గరగా ఉన్నంత మాత్రాన వాటాలు మారిపోతాయి.

ఇవన్నీ చేసినా కొంత అసమానత మిగులుతుంది కనుక, డయోడ్ల సామర్థ్యాల మొత్తాన్ని పూర్తిగా వాడరు. బాగా జతకుదిరిన గుంపులలో పది నుంచి ఇరవై శాతం వరకు వదిలేయడం వాడుక. జత చూడని గుంపులలో ఆ తగ్గింపు మరింత కావాలి. మొదటి ఉదాహరణలోని డయోడ్లను ఏ సవరణా లేకుండా వాడాలంటే 133 ఆంపియర్లు భరించే రకాన్ని, అంటే బజారులో దొరికే 150 ఆంపియర్ల రకాన్ని, రెండింటిని ఎంచుకోవాలి. ఆ లెక్కన 300 ఆంపియర్ల సామర్థ్యం కొని 200 వాడుకున్నట్టు. అలాంటప్పుడు 200 ఆంపియర్లు మోసే ఒక్క డయోడునే కొనడం చాలాసార్లు మేలు.

ఫ్యూజు పాత్ర

సిలికాన్ డయోడు చెడిపోయినప్పుడు చాలాసార్లు తెగిపోదు, రెండు వైపులా కరెంటును పోనిచ్చే తీగలా మారుతుంది. సమాంతర గుంపులో ఒకటి అలా షార్టయితే మిగతావి ఎంత బాగున్నా ఉపయోగం లేదు, వ్యతిరేక అర్ధ ఆవర్తనంలో ట్రాన్స్‌ఫార్మరు కరెంటంతా ఆ చెడిన డయోడు గుండా వెనక్కి దూకుతుంది. అందుకే పెద్ద రెక్టిఫయర్లలో ప్రతి డయోడుకూ సొంతంగా ఒక వేగవంతమైన ఫ్యూజు శ్రేణిలో ఉంటుంది. చెడిన డయోడు వెంట వచ్చిన విపరీత కరెంటుకు ఆ ఫ్యూజు కొన్ని మిల్లీసెకండ్లలో కరిగి, ఆ ఒక్క డయోడును వేరుచేస్తుంది. దాని కొసనున్న చిన్న సూచిక బయటికి పొడుచుకొచ్చి మైక్రోస్విచ్చిని నొక్కడంతో హెచ్చరిక దీపం వెలుగుతుంది. మిగిలిన డయోడ్లు భారాన్ని పంచుకొని యంత్రాన్ని నడిపిస్తాయి. గుంపులో ఒకటి ఎక్కువగా పెట్టి, ఒకటి పోయినా పని ఆగకుండా చూసే ఈ ఏర్పాటు ఒంటరి డయోడుతో సాధ్యం కాదు. సమాంతర సంధానానికి అధిక కరెంటు తరువాత చెప్పదగిన బలమైన కారణం ఇదే.

రైలు ఇంజనులో

భారతీయ రైల్వే 1957లో 25 కిలోవోల్టుల ఏకాంతర విద్యుత్ పద్ధతిని ఎంచుకున్నాక, తీగలో ఏకాంతర విద్యుత్తు, చక్రాల దగ్గర ఏకముఖ విద్యుత్ మోటార్లు ఉన్న ఇంజన్లకు మధ్యలో రెక్టిఫయరు తప్పనిసరయింది. 1959 నుంచి వచ్చిన డబ్ల్యూఏఎం-1 ఇంజన్లలో ఆ పని ఇగ్నిట్రాన్లు, అంటే పాదరసపు ఆర్క్ ఆధారంగా పనిచేసే గొట్టాలు, చేసేవి. ఆర్క్ వోల్టేజి కరెంటుతో పెద్దగా మారదు కనుక పాదరస రెక్టిఫయర్లలో కూడా ఆనోడ్లను జతగా వాడినప్పుడు సమతుల్య రియాక్టర్లు పెట్టవలసి వచ్చేది. పంపకం సమస్య సిలికాన్‌తో పుట్టింది కాదు. తరువాత చిత్తరంజన్ కర్మాగారం తయారుచేసిన డబ్ల్యూఏఎం-4 ఇంజన్లలోనూ, సరకు బండ్ల కోసం వచ్చిన డబ్ల్యూఏజీ-5, డబ్ల్యూఏజీ-7 ఇంజన్లలోనూ సిలికాన్ డయోడ్లే ఉన్నాయి.

1992లో ప్రవేశించిన 5000 అశ్వశక్తి డబ్ల్యూఏజీ-7 సమాంతర సంధానానికి చక్కని నిదర్శనం. ఇందులో ఆరు ట్రాక్షన్ మోటార్లు, రెండు రెక్టిఫయర్ బ్లాకులు ఉంటాయి. లోకో సిబ్బంది వీటిని ఆర్‌ఎస్‌ఐ బ్లాకులంటారు. ఒక్కో మోటారు నిరంతరాయంగా తీసుకునే కరెంటు 750 వోల్టుల వద్ద సుమారు 900 ఆంపియర్లు, ఒక్కో బ్లాకు మూడు మోటార్లకు సమాంతరంగా విద్యుత్తునిస్తుంది కనుక 2700 ఆంపియర్ల పని దాని మీద ఉంటుంది. బ్రిడ్జి రెక్టిఫయరులోని ప్రతి భుజమూ, అంటే ఒక్కో డయోడు స్థానమూ, సగం కాలం మాత్రమే వహిస్తుంది, అంటే సగటున 1350 ఆంపియర్లు. బండి కదిలించేటప్పుడు, గుట్ట ఎక్కేటప్పుడు ఇది ఇంకా పెరుగుతుంది. ఒక్కో భుజంలో సమాంతరంగా కలిపిన అనేక డయోడ్లు, ఒక్కోదానికి ఫ్యూజు, వాటి మీదికి గాలి తోసే బ్లోయరు ఈ కారణంగానే అవసరమయ్యాయి. ఫ్యూజు పోయిన సంగతిని డ్రైవరుకు ఎల్‌ఎస్‌ఆర్‌ఎస్‌ఐ అనే దీపం తెలుపుతుంది. పెద్ద బిళ్ల డయోడ్లు వచ్చిన కొద్దీ ఒక భుజంలోని డయోడ్ల సంఖ్య తగ్గుతూ వచ్చింది. సంఖ్య తగ్గడమంటే పంపకపు చిక్కు, ఫ్యూజుల లెక్క, అతుకుల సంఖ్య అన్నీ తగ్గడమే.

రెండు బ్లాకులు విడివిడిగా ఉండడం కూడా గమనించదగినది. ఆరు మోటార్ల కరెంటునూ ఒకే డయోడ్ల గుంపు మీద వేయకుండా, వేరువేరు ట్రాన్స్‌ఫార్మరు చుట్టలనుంచి వేరువేరు బ్లాకులకు పంచడం వల్ల, డయోడ్ల కంటే ముందే చుట్టల దగ్గరే సగం పంపకం జరిగిపోతుంది. 1996లో వచ్చిన డబ్ల్యూఏజీ-9 తరగతి మూడు ఫేజుల మోటార్లకు మారడంతో ఈ డయోడ్ బ్లాకుల యుగం ముగియడం మొదలైంది.

సిమెంటు కర్మాగారంలో, బండల ఊళ్లో

సిమెంటు బట్టీ నెమ్మదిగా, అదుపులో ఉన్న వేగంతో తిరగాలి. 1980ల నాటి కర్మాగారాలలో ఆ పనికి ఏకముఖ విద్యుత్ మోటార్లనే ఎక్కువగా వాడారు. వాటికి విద్యుత్తునిచ్చేది థైరిస్టరు కన్వర్టరు. డయోడుకు వహించే క్షణాన్ని ఎంచుకొనే వీలు చేరిస్తే థైరిస్టరు అవుతుంది, దానికీ సమాంతరంలో ఇదే పంపకం సమస్య ఉంటుంది, పైగా అన్నీ ఒకే క్షణంలో వహించడం మొదలుపెట్టేట్టు చూడవలసిన అదనపు భారం కూడా ఉంటుంది. అదే కర్మాగారంలో పొగగొట్టం ముందు ధూళిని పట్టే విద్యుత్‌స్థితిక అవక్షేపకం దీనికి పూర్తి వ్యతిరేకం. అక్కడ కావలసినది పదుల కిలోవోల్టులు, కరెంటు ఒక ఆంపియరుకు అటూ ఇటూ. కనుక అందులో డయోడ్లు సమాంతరంగా కాదు, పొడవైన శ్రేణులుగా ఉంటాయి. రెండు అమరికల తేడా ఒకే ప్రహరీ లోపల చూడదలచిన విద్యార్థికి సిమెంటు కర్మాగారం మంచి పాఠశాల.

కర్మాగారాలకు విద్యుత్తునిచ్చే జనరేటర్లలోనూ ఇదే అమరిక కనిపిస్తుంది. వాటి రోటారుకు ఏకముఖ విద్యుత్తునిచ్చే, బ్రష్‌లు లేని ఎక్సైటర్లలో డయోడ్లు తిరిగే అక్షం మీదనే బిగించి ఉంటాయి. చిన్న డీజిల్ జనరేటరులో ఆరు డయోడ్లు సరిపోతాయి గాని, పెద్ద టర్బో జనరేటర్లలో ఒక్కో భుజానికి అనేక డయోడ్లు ఫ్యూజులతో సహా నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటాయి. ఏ ఫ్యూజు పోయిందో యంత్రాన్ని ఆపకుండా స్ట్రోబోస్కోప్ వెలుతురులో చూసి తెలుసుకుంటారు.

లారీ, ట్రాక్టరు ఆల్టర్నేటర్లలో సాధారణంగా ఆరు ప్రధాన డయోడ్లు ఒక డయోడ్ ప్లేటు మీద నొక్కి బిగించి ఉంటాయి. ఎక్కువ కరెంటు కావలసిన రకాలలో ఒక్కో స్థానంలో రెండేసి చొప్పున పన్నెండు ఉంటాయి. కొన్నింటిలో స్టేటరు చుట్టలనే రెండు జట్లుగా చేసి, ఒక్కో జట్టుకు వేరే డయోడ్లు పెట్టి, చివర బ్యాటరీ దగ్గర కలుపుతారు. చుట్టల సొంత నిరోధం, ప్రేరకత్వం ఇక్కడ సమతుల్యకాలుగా పనిచేస్తాయి కనుక, డయోడ్లను నేరుగా జతచేయడం కంటే ఈ పద్ధతి సాధారణంగా మెరుగు.

మరమ్మతుకు తరచూ వచ్చే వాటిలో వెల్డింగ్ రెక్టిఫయర్లలోని సమాంతర డయోడ్లు ఉంటాయి. తాండూరు చుట్టుపక్కల వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. గనులు, పాలిషింగ్ యూనిట్లు లేపే సున్నపురాయి దుమ్ము హీట్ సింకు రెక్కల మధ్య పేరుకుంటే గాలి సరిగా ఆడదు. రెక్కల్లో ఒక మూల ఎక్కువ మూసుకుపోయినా అక్కడి డయోడు మిగతావాటికంటే వేడెక్కి తన వాటాను పెంచుకోవడం మొదలుపెడుతుంది. కొత్తగా ఉన్నప్పుడు సమానంగా పంచుకున్న గుంపు నాలుగేళ్లకు పాడవడానికి డయోడ్ల నాణ్యత కంటే దుమ్మే కారణమైన సందర్భాలు తక్కువేమీ కావు.

అతి పెద్ద గుంపులు

సమాంతర సంధానం పరాకాష్ఠకు చేరేది విద్యుద్విశ్లేషణ పరిశ్రమలలో. కాస్టిక్ సోడా, జింకు, అల్యూమినియం తయారీలో పదివేల ఆంపియర్ల నుంచి లక్షల ఆంపియర్ల దాకా ఏకముఖ విద్యుత్తు కావాలి. తెలుగు నేలమీద కొవ్వూరులోని ఆంధ్రా షుగర్స్ కాస్టిక్ సోడా కర్మాగారం, కర్నూలు దగ్గరి శ్రీ రాయలసీమ ఆల్కలీస్, 1977 నుంచి 2012 వరకు నడిచిన విశాఖపట్నం హిందుస్థాన్ జింక్ స్మెల్టరు ఈ కోవలోవి. ఇలాంటి చోట్ల డయోడ్లను కలపడంతో సరిపెట్టరు, ఏకంగా రెక్టిఫయర్ బ్రిడ్జిలనే సమాంతరంగా కలుపుతారు. ట్రాన్స్‌ఫార్మరు చుట్టలను 30 డిగ్రీల తేడాతో అమర్చి రెండు ఆరు-స్పందన బ్రిడ్జిలను పన్నెండు-స్పందన వ్యవస్థగా మార్చడం వల్ల అలలు తగ్గుతాయి, వాటి క్షణికమైన వోల్టేజి తేడాలను ఇంటర్‌ఫేజ్ ట్రాన్స్‌ఫార్మరు భరిస్తుంది.

మరో కొసన, కంప్యూటరు పవర్ సప్లయి వంటి చిన్న సాధనాలలో ఒకే తొడుగులో రెండు షాట్కీ డయోడ్లు, అంటే లోహ-అర్ధవాహక సంధి గల డయోడ్లు, ఉన్న భాగాలు సర్వసాధారణం. ఇవి ఒకే తయారీ విడత నుంచి వచ్చి, ఒకే లోహపు పలక మీద అతికి ఉంటాయి కనుక సమాంతరంగా కలిపినా బాగానే పంచుకుంటాయి. వాటి మీద రాసిన కరెంటు ఒక్కో డయోడుకా, రెండింటికీ కలిపా అన్నది మాత్రం పత్రంలో చూసి తీరాలి. సిలికాన్ కార్బైడ్ షాట్కీ డయోడ్లలో, చాలా చిన్న కరెంట్లను మినహాయిస్తే, ఉష్ణోగ్రతతో పాటు పురో వోల్టేజి పెరుగుతుంది. వేడెక్కినది తనంతట తానే తగ్గి, చల్లగా ఉన్నదానికి భారం అప్పగిస్తుంది. అందువల్ల సౌర ఇన్వర్టర్లలో, విద్యుత్ వాహనాల చార్జర్లలో వాటిని నిరోధాలు, రియాక్టర్లు లేకుండానే జతచేస్తున్నారు.

తనిఖీ, మరమ్మతు

పనిచేస్తున్న గుంపులో వాటాలు తెలుసుకోవడానికి ఏకముఖ విద్యుత్తును కూడా కొలిచే క్లాంప్ మీటరును ఒక్కో డయోడు తీగ చుట్టూ పట్టి చూడడం సులువైన మార్గం. క్లాంపు పట్టే చోటు లేనప్పుడు, ఒకే రకం ఫ్యూజుల కొసల మధ్య మిల్లీవోల్టులను కొలిచి పోల్చవచ్చు. ఫ్యూజు నిరోధాలు దాదాపు సమానం కనుక ఎక్కువ మిల్లీవోల్టులు చూపినది ఎక్కువ కరెంటు మోస్తున్నట్టు. కొలత పూర్తి భారంతో, యంత్రం వేడెక్కిన తరువాత తీసినదై ఉండాలి. చల్లని యంత్రం మీద తీసిన కొలత నిజాన్ని తక్కువ చేసి చూపుతుంది. సగటుకంటే చాలా తక్కువ చూపిన డయోడును బాగుందనుకోవడమూ పొరపాటే, అక్కడ అతుకు వదులై నిరోధం పెరిగి ఉండవచ్చు.

ఒక డయోడు పోయినప్పుడు, కరెంటు సంఖ్య కలిసింది కదా అని వేరే కంపెనీ డయోడును ఆ ఒక్క స్థానంలో బిగిస్తే, దాని పురో వోల్టేజి తక్కువైతే అదే ముందు మాడుతుంది, ఎక్కువైతే పాతవి దాని వాటాను కూడా మోసి తొందరలోనే పోతాయి. అదే తయారీ, అదే పురో వోల్టేజి వర్గంలోని డయోడు దొరికితే దాన్ని వేయవచ్చు. దొరకనప్పుడు ఆ భుజంలోని డయోడ్లన్నింటినీ జతచూసిన కొత్త గుంపుతో మార్చడం, లేదా చోటుంటే వాటన్నింటి స్థానంలో తగిన సామర్థ్యం గల ఒక్క పెద్ద డయోడును పెట్టడం, ఈ రెండే సరైన మరమ్మతులు.